రెండో తూటా

కాశిబుగ్గ, వరంగల్
నవంబరు 9

బెన్నీ అన్నా,

ఈ ఇంట్లో నన్ను ఎవరూ సరిగ్గా అర్థం చేసుకోరని నేను చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాను, నువ్వు నవ్వుతూనే ఉన్నావు. ఈసారి నవ్వకుండా చదువు.

నీ లీవు అయిపోయి నువ్వు బస్సెక్కిన వారంలోనే నాయిన నా పరుపు కింద చెయ్యి పెట్టాడు. కరెంటు బిల్లు వెతుకుతున్నాడట. కరెంటు బిల్లు నా పరుపు కిందికి ఎందుకొస్తుందో ఆయనకే తెలియాలి. దొరికినవి నేను గీసుకున్న బొమ్మలు. రైఫిల్‌ను నిలువునా కోస్తే లోపల ఏముంటుంది, ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి కదులుతుంది, అవే.

సాయంత్రానికి ఇంట్లో పంచాయతీ. నాయిన దృష్టిలో నేను అడవిలోకి పోవడానికి తయారవుతున్నాను. "కాలేజీల ఎవడు కలిసిండు? పేరు చెప్పు" అని ఒకటే మాట. ఒకప్పుడు ఈ ఊళ్లో అలా పోయిన పిల్లల తండ్రుల ముఖాలు ఆయన దవాఖానలో కంపౌండరుగా దగ్గరి నుంచి చూశాడు, నాకు తెలుసు. కానీ ఇప్పుడు ఆ అడవిలో మిగిలిందెవరు? యాకమ్మత్త అనుమానం ఇంకో రకం. "పోలీసు పోరన్ని ఎవన్నో చూసుకున్నట్టుంది. లేకుంటే ఆడివిల్లకు తుపాకులతోటి ఏం పని?" అమ్మ ఇద్దరి మాటలూ నమ్మి రెండింటికీ ఏడ్చింది. మర్నాడు చర్చి నుంచి అయ్యగారిని పిలిపించారు. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి, నాలో ఉన్న హింస ఆత్మను వెళ్లిపొమ్మని ప్రార్థన చేశాడు. నేను కళ్లు మూసుకోలేదు. అయ్యగారి చొక్కాకు ఒక గుండీ ఊడిపోయి ఉంది, అక్కడ పిన్నీసు పెట్టుకున్నాడు.

ఒక్కరంటే ఒక్కరు ఆ తుపాకి ఎవరిదని అడగలేదు.

నీదన్నా అది, పోలీసు డ్యూటీలో నీ చేతికిచ్చింది. ఆ రోజు అన్నం తింటూ నువ్వే అన్నావు: "కొత్త గన్నులిచ్చిన్రు చెల్లె. మస్తుంది, తేలిక. కాకుంటే ఫైరింగు రేంజిల రెండు మూడు సార్లు ఇరుక్కున్నది." పచ్చిపులుసు పోసుకుంటూ నవ్వావు. అందరూ నవ్వారు. నేను ఆ రాత్రే బొమ్మలు గీయడం మొదలుపెట్టాను. నేను చదివిన మెకానికల్ ఈ ఏడాదిన్నర ట్యూషన్లు చెప్పుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. దీనికైనా పనికిరావాలి.

లోపల జరిగేది ఇంతే. తూటా పేలినప్పుడు పుట్టిన గ్యాసులో కొంత మళ్లి వచ్చి బోల్టును వెనక్కి తంతుంది. బోల్టు వెనక్కి పోతూ ఖాళీ గొట్టాన్ని బయటికి విసురుతుంది. తిరిగి ముందుకు వస్తూ మ్యాగజీన్ పైనున్న కొత్త తూటాను నెట్టుకుపోయి, బ్యారెల్ మొదట్లో కూర్చోబెట్టి మూసుకుంటుంది. వెనక్కి పోవడానికి మందుగుండు బలం ఉంది. ముందుకు రావడానికి ఒక్క స్ప్రింగు తప్ప దిక్కు లేదు. అందుకే నాకు చెప్పు: ఇరుక్కునేది వెనక్కి పోయేటప్పుడా, ముందుకు వచ్చేటప్పుడా? ఖాళీ గొట్టం బయటపడుతోందా? రోజంతా ఇలాగే ఉంటుందా, ఏదో ఒక వేళలోనేనా?

ఫోన్లో ఎందుకడగవంటావు. మీ క్యాంపుకు టవరు లేదు. ఆదివారం ఆ శాటిలైట్ ఫోను నీ చేతికొచ్చే కాసేపూ అమ్మ స్పీకరు పెట్టి గల్లీ మొత్తానికి వినిపిస్తుంది. ములుగు నుంచి వచ్చే రేషను జీపులో ఉత్తరాలు అందుతాయన్నావుగా. దాచకుండా రాయి.

నీ చెల్లె,
స్వప్న

*

క్యాంపు
నవంబరు 20

చెల్లె స్వప్నా,

నీ ఉత్తరం రాయమల్లుకు చదివి వినిపించాను. రాయమల్లు నా జోడీ, మరిపెడ దిక్కు మనిషి. ఎక్కడికి పోయినా వాడి వెనక నేను, నా వెనక వాడు. అయ్యగారి పిన్నీసు దగ్గర పడీ పడీ నవ్వాడు. "మీ చెల్లెను ఈడికి ఆర్మరర్ పోస్టుకు తెప్పియ్యరాదురా, ఓంప్రకాశ్ సాబుకు జర రెస్టు దొరుకుతది" అంటున్నాడు. ఓంప్రకాశ్ సాబంటే మా తుపాకులు బాగుచేసే ఆయన. ఉత్తరాది మనిషి, ఇక్కడే ముసలివాడైపోయాడు.

నాయిన మీద కోపం పెట్టుకోకు. ఆయన భయం ఆయనది.

నువ్వడిగినవి చెప్తాను. మొదటి తూటా బాగానే పోతుంది. ఖాళీ గొట్టం బయటికి వస్తుంది. రెండోది సగం లోపలికి పోయి ఆగుతుంది, బోల్టు పూర్తిగా మూసుకోదు. అరచేత్తో గట్టిగా కొడితే మూసుకుంటుంది. కొంచెంసేపు కాల్చి గన్ను వేడెక్కితే ఇక ఏ ఇబ్బందీ లేదు. వేళ అంటావా, తెల్లారుజామున మాత్రమే. మధ్యాహ్నం ఒక్కనాడూ ఆగలేదు. అదే వచ్చిన చిక్కు. ఓంప్రకాశ్ సాబు అన్నం తిన్నాక రేంజికి తీసుకుపోయి, నా ముందే మ్యాగజీన్ మొత్తం ఖాళీ చేసి చూపించి, "గన్ అచ్ఛా ఉంది బెన్నీ, నీ చెయ్యే ఖరాబుంది" అంటాడు. అందరూ నవ్వుతారు.

శుభ్రం గురించి నువ్వు ఫికర్ చేయకు. నూనె సంగతి కూడా అడగకు. రెండేళ్లుగా ఎలా పెడుతున్నానో ఇప్పుడూ అలాగే పెడుతున్నాను. పాత ఏకే-47 వానలో, బురదలో, వాగులో పడినా ఒక్కనాడు మొరాయించలేదు. కాబట్టి తప్పు నాది కాదు, ఈ కొత్తదానిదే.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున లేస్తే వేళ్లు వంగడం లేదు. అమ్మను ఏడవొద్దని చెప్పు.

మీ అన్న,
బెన్నీ

*

కాశిబుగ్గ
నవంబరు 29

అన్నా,

తెల్లారుజామున మాత్రమే అన్నావు చూడు, ఆ మాట నాలో ముల్లులా విరిగింది. పిల్లలకు త్రికోణాలు చెప్తూ మధ్యలో ఆగిపోతున్నాను. వాళ్లు ఒకరినొకరు చూసుకుంటున్నారు.

పాతది ఆగలేదు, కొత్తది ఆగుతోంది అంటే కొత్తది చెడ్డదని కాదు. రెండింటి స్వభావం వేరు. రఘునాథపల్లిలో తాత బండి గుర్తుందా? ఇరుసుకూ చక్రానికీ మధ్య వేలు పట్టేంత సందు. దుమ్ము పడినా, కందెన ఎండిపోయినా, కిర్రుమంటూనే పొలం చేరేది. మీ ఏకే అలాంటిది. దాని లోపల కదిలే భాగాలు బరువైనవి, వాటి చుట్టూ ఖాళీ ఎక్కువ. మట్టి పడితే ఆ ఖాళీలోకి నెట్టేసి తన పని తను చేసుకుపోతుంది. అందుకే గురి కొంచెం అటూ ఇటూ. కొత్తది అమ్మ కుట్టుమిషన్ లాంటిది. సందులు సన్నం, భాగాలు తేలిక, గురి దారం కుట్టినట్టు నేరుగా ఉంటుంది. దానికి బదులుగా అది కోరేది ఒక్కటే, తనకు తగిన సంరక్షణ. అమ్మ శనివారం శనివారం ఆ సన్న ముక్కు డబ్బాతో మిషన్‌కు నూనె చుక్కలేస్తుంది చూడు, నన్ను ముట్టనివ్వదు కూడా. అంత శ్రద్ధ దానికీ కావాలి.

నమ్మదగిన తుపాకి అంటే ఎప్పుడూ ఆగనిది కాదన్నా. ఏ పరిస్థితుల్లో ఆగుతుందో మనకు ముందే తెలిసినది.

నువ్వు చెప్పినదాన్ని బట్టి వెనక్కి పోవడంలో లోపం లేదు. తిరిగి రావడంలో స్ప్రింగు బలం ఎక్కడో తినేయబడుతోంది. నాకు తోచినవి రెండు. ఒకటి మంచు: రాత్రంతా ఇనుము మీద తేమ చేరి లోపల పట్టేస్తుండొచ్చు. రెండోది మ్యాగజీన్: దాని పై అంచులు వంగినా, లోపలి స్ప్రింగు అలిసినా తూటా సరైన ఎత్తుకు రాదు. రాయమల్లు మ్యాగజీన్ నువ్వు పెట్టుకుని, నీది అతనికిచ్చి, తెల్లారుజామునే చూడు. మధ్యాహ్నం కాదు. నీ రైఫిల్‌లో మిగిలిన వాళ్ల రైఫిళ్లకు లేని తేడా ఏదైనా ఉంటే రాయి. ఎంత చిన్నదైనా సరే. నువ్వు చేసేది, వాళ్లు చేయనిది.

అమ్మ క్రిస్మస్ జాకెట్ల పనిలో ఉంది, ఇల్లంతా గుడ్డముక్కలు. నేను నీకు రాస్తున్నానని తెలిస్తే వచ్చి భుజం మీది నుంచి తొంగిచూస్తుంది. "ఏం రాస్తానవే గంతసేపు? మీ అన్నకు మోషే ధర్మశాస్త్రం రాస్తానవా?" అని ఇప్పుడే అనిపోయింది.

ప్లీజ్, తొందరగా రాయి.

స్వప్న

*

క్యాంపు
డిసెంబరు 12

చెల్లె,

రాయమల్లుకు తగిలింది.

బతికే ఉన్నాడు. వరంగల్ పెద్ద దవాఖానకు తెచ్చారు. కుడికాలు తీసేశారట, మోకాలి పై నుంచి. ఈ ఉత్తరం అందగానే పోయి చూడు. వాడి భార్య చిలుకమ్మ ఒక్కతే వచ్చింది, ఆమెకు అక్కడ ఎవరూ తెలియదు.

వాగు ఒడ్డున జరిగింది. అప్పుడే వెలుతురు వస్తోంది, నీళ్ల మీద పొగమంచు. అవతలి గట్టు నుంచి కాల్పులు మొదలయ్యాయి. రాయమల్లు దాటాలి, వాడు దాటే వరకు నేను కాల్చాలి. అది నా పని. ఒకటి కాల్చాను. రెండోది ఆగిపోయింది. అరచేత్తో కొట్టాను. మూసుకోలేదు. మళ్లీ కొట్టాను. నా తుపాకి చప్పుడు ఆగిపోయేసరికి వాడు నాకేమో అయిందనుకుని నీళ్లలోనే వెనక్కి తిరిగాడు. "బెన్నీ, ఏందిరా?" అన్నాడు. అంతే అన్నాడు.

మ్యాగజీన్లు మార్చి చూశాం చెల్లె, నువ్వు చెప్పినట్టే. తేడా లేదు. రాయడానికి టైం దొరకలేదు.

ఎంక్వైరీ పెట్టారు. ములుగు ఆఫీసులో కిషన్ రావు సారని పెద్దాఫీసరు కూర్చున్నాడు. రైఫిల్ బాగుందని సంతకం పెట్టింది ఓంప్రకాశ్ సాబు కాబట్టి ఆయన్ను డ్యూటీ నుంచి పక్కన పెట్టారు. పింఛనుకు దగ్గర్లో ఉన్నాడు. నిన్న నా గుడారం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "బేటా, నేను చూసిన. మంచిగుండె" అన్నాడు. నేను తల ఎత్తలేదు.

నన్నూ పిలిచారు. గన్నే ఖరాబు అని చెప్పాను. ఇప్పుడు నువ్వు నాకొక సాయం చెయ్యి. నువ్వు ఇంజనీరువి. ఈ డిజైనే మన అడవులకు పనికిరాదని, మంచుకు పట్టేస్తుందని, నీ భాషలో, బొమ్మలతో సహా రాసి పంపు. నేను సారుకు ఇస్తాను. చదువుకున్న మనిషి రాస్తే వింటారు.

నాకు నిద్ర లేదు. కళ్లు మూస్తే వాడు నీళ్లలో వెనక్కి తిరుగుతున్నాడు.

బెన్నీ

*

కాశిబుగ్గ
డిసెంబరు 17

అన్నా,

నువ్వడిగిన రిపోర్టు రాయడం మొదలుపెట్టాను. రెండు పేజీలు నిండాయి. బొమ్మలు కూడా బాగా వచ్చాయి. అదంతా ఇప్పుడు చించేశాను. ఎందుకో విను.

నిన్న పొద్దున పెద్ద దవాఖానకు బయలుదేరుతూ తల దువ్వుకుందామని నూనె సీసా తీశాను. చలికి తెల్లగా గడ్డకట్టింది. ఏటా ఇంతే కదా, కిటికీలో ఎండ తగిలేచోట పెట్టి, కరిగే దాకా ఆగలేక పొడి జుట్టుతోనే పోయాను. అప్పటికి నాకేమీ తట్టలేదు.

రాయమల్లు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చిలుకమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఆమె ఒళ్లో సంచి, సంచిలో ఒక బూటు. ఒక్కటే. రెండోది ఏమైందని ఎవరినీ అడగలేక దాన్నే పట్టుకుని ఉంది. నేను బెన్నీ చెల్లెనని చెప్పగానే అతను ఇటు తిరిగాడు. నవ్వడానికి చూశాడు.

"ఆర్మరరమ్మ వచ్చిందే చిలుకా" అన్నాడు. తర్వాత, "ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు చెల్లె. మీ అమ్మ నూనె నేను గూడ పెట్టుకున్న. మరి నాకెందుకు పని చెయ్యలే?" అన్నాడు.

ఏ నూనె అన్నాను.

"ప్రార్థన నూనె. బెన్నీకి పంపుతది గద. మొన్నటి దాక మేం దేవుని బొట్టు లెక్క గన్ను మీద పైపైన పెట్టెటోళ్లం. వాడొక్కడే అమ్మ చెప్పినట్టు లోపల పోస్తడు, కదిలేకాడ. పోయిన ఏడు బాంబు పేలితె వానికి గీత గూడ పడలే. గది యాదికొచ్చి ఈ నెల నుంచి పిలగాండ్లంత లోపల్నే పోస్తాండ్రు."

అన్నా, పొద్దున గడ్డకట్టిన నా తలనూనె సీసా అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ మిషన్ మీద ఉంది. అన్నకు నూనె పంపావా అని అడిగాను. పెడలు మీద పాదం ఆగింది.

"ఎవరు చెప్పిన్రు?"

"రాయమల్లు."

"అయ్యగారు ఉపవాసముండి ప్రార్థన చేసిచ్చిన నూనె. నీకు చెప్తే ఇకిలిస్తవని నీతోని అనొద్దన్న."

"ఏం నూనె అమ్మా?"

"కొబ్బరినూనె. మనింట్ల ఇంకేం నూనె ఉంటది?"

"లోపల పొయ్యమన్నవా?"

"కదిలేకాడనే గద బిడ్డా ఆపదుండేది. కదిలేకాడ పొయ్యాలె."

"నీ మిషన్‌కు పోస్తవా కొబ్బరినూనె?"

పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మిషన్‌కెందుకు పోస్త? పట్టేస్తది. మిషన్‌కేమన్న పానముందా, ప్రార్థన నూనె పొయ్యనీకి? పానమున్నది నా కొడుక్కు."

పట్టేస్తది అని తనే అంది. తన మాట తనకు వినపడలేదు. ప్రార్థన సీసా బీరువాలో ఉంది. తెచ్చి ఆమె ముందు తలకిందులు చేశాను. ఒక్క చుక్క జారలేదు. అమ్మ సీసాను చూసింది, నన్ను చూసింది, తీసుకుపోయి కిటికీలో పెట్టింది. "ఎండ తగిలితే కరుగుతది" అంది. మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

ఇప్పుడు అన్నీ కలుస్తున్నాయి. ఏకే లోపల ఉన్న ఖాళీ రెండు చలికాలాలు నీ నూనెను సహించింది. కొత్తదాని సన్న సందుల్లో అదే నూనె తెల్లారుజామున మైనంలా బిగుసుకుంటోంది. మొదటి తూటాకు బోల్టు మూసుకునే ఉంటుంది కాబట్టి పేలుతుంది. తిరిగొచ్చే దారిలో స్ప్రింగు ఆ మైనంతోనే అలిసిపోతుంది. మధ్యాహ్నం ఎండకు కరిగి మామూలైపోతుంది, ఓంప్రకాశ్ గారి కంటికి ఏమీ కనపడదు. డిజైను తప్పు లేదు. ఆయన తప్పూ లేదు, చూసిన వేళ తప్ప.

నీ రైఫిల్ మొత్తం విప్పి, తుడిచి, మీకిచ్చే నూనెనే పెట్టు. అది మొదటి పని. రెండోది: నీ సెక్షన్‌లో ఆ నూనె పోసుకున్న ప్రతి ఒక్కరికీ ఈ రోజే చెప్పు. మూడోది: కిషన్ రావు గారికి నువ్వే చెప్పు. నీ నోటితో. నేను నీ వెనకే ఉంటాను.

నాకు రాయాల్సిన సంగతి ఇదేనని నీకు తెలియదా? నువ్వు చేసేది, వాళ్లు చేయనిది ఏదైనా ఉంటే రాయమని అడిగానే.

స్వప్న

*

క్యాంపు
డిసెంబరు 22

స్వప్నా,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను.

నీకు ఎప్పటి నుంచో అమ్మను తప్పు పట్టాలని ఉంది. అమ్మ చర్చికి పొమ్మంటే పుస్తకం పట్టుకుంటావు, అయ్యగారు ప్రార్థన చేస్తుంటే గుండీలు లెక్కపెడతావు. ఇప్పుడు నీకు పెద్ద సాక్ష్యం దొరికింది. సంతోషమేనా?

సరే, నువ్వు చెప్పిందే నిజమనుకుందాం. రాత్రి గన్ను బయటపెట్టి పొద్దున విప్పి చూశాను. నిజమే. వేలితో గీరితే తెల్లగా వచ్చింది. మొత్తం తుడిచేశాను, నాది బాగుంది. నీకు కావలసింది అదే కదా, మీ అన్న బతకడం. బతుకుతాడు. ఇక వదిలెయ్యి.

సారుకు చెప్తే ఏమవుతుందో ఆలోచించావా? ఇచ్చిన నూనె కాకుండా ఇంకోటి వాడి తోటివాడి కాలు పోగొట్టాడని నన్ను ఇంటికి పంపుతారు. నాయినకు నెల నెలా మందులు ఎవరు కొనాలి, నీ ట్యూషన్లా? అది కూడా పోనీ. అమ్మ? తను ప్రార్థన చేయించిన నూనె రాయమల్లు కాలు తీసిందని తెలిసిన రోజు అమ్మ ఉంటుందా? నువ్వు చెప్పగలవా ఆ ముఖంలోకి చూసి? సీసా తలకిందులు చేసి చూపించావట. అంతేనా నీ చదువు?

ఓంప్రకాశ్ సాబు ముసలాయన. ఎలాగూ పోయేవాడే. దేవుడు ఆయనకు వేరే దారి చూపిస్తాడు.

సెక్షన్ పిల్లలకు చెప్పలేదు. ఎలా చెప్పను? ఇన్నాళ్లూ నా చేత్తో నేనే పోశాను వాళ్లకు. బెన్నీ అన్న నూనె అని చెయ్యి చాపేవాళ్లు. ఇప్పుడు తుడిచెయ్యండి అంటే ఎందుకంటారు. ఎందుకో చెప్తే రాయమల్లు సంగతి వాళ్లకే అర్థమవుతుంది. ఒక్కడు నోరు జారితే చాలు. సమయం చూసి ఏదో ఒకటి చెప్తాలే. కొత్త సంవత్సరం దాటగానే మళ్లీ లోపలికి పోతున్నాం, ఈసారి చాలా దూరం. వచ్చాక చూద్దాం.

చెల్లె, నీ కాళ్లు మొక్కుతా. నోరు మూసుకుని ఉండు. నువ్వొక్కదానివి మాట్లాడకుండా ఉంటే అందరం బతుకుతాం.

బెన్నీ

*

కాశిబుగ్గ
డిసెంబరు 27

అన్నా,

అందరం అని రాశావు. ఆ మాట కింద ఎంతమంది ఉన్నారో లెక్క చూసుకున్నావా? నువ్వు, అమ్మ, నాయిన, నేను. చలిలో రెండో తూటా కోసం అరచేత్తో బోల్టు కొట్టుకోబోయే పిల్లలు అందులో లేరు. వాళ్లలో ఒకడి పేరు కూడా నాకు తెలియదు. మొన్నటి దాకా రాయమల్లు పేరు కూడా తెలియదు.

రెండు రోజులు ఆగాను. నీ ఉత్తరంలోని ఒక్కో మాటకూ జవాబు వెతుక్కుంటూనే ఆగాను. నాయిన మందుల మాట నిజం. నేను గుండీలు చూస్తానన్నదీ నిజం. అమ్మ ముఖంలోకి చూసి చెప్పలేకపోయానన్నది అన్నిటికంటే నిజం. సీసా తిప్పి చూపించి, ఆమెకు అర్థం కాకపోతే లోపల్లోపల తేలికపడ్డాను కూడా. అర్థమైతే ఏమయ్యేదో అని. ఆగిపోదామనే అనుకున్నాను. క్రిస్మస్ రోజు నీ మాట ప్రకారం నోరు మూసుకునే కూర్చున్నాను.

భోజనాల దగ్గర యాకమ్మత్త అడిగింది, "బెన్నీకి కేకు పంపినవా దీనమ్మా?" అని.

"వాని క్యాంపుల పనిచేసే రమాకాంత్ లీవుకొచ్చి పోతాంటే అన్ని కట్టిచ్చిన. కేకు, గారెలు" అంది అమ్మ. నా పళ్లెంలో కూర వేస్తూ నావైపు చూడకుండా, "నూనె గూడ. మొన్న తక్కువైనట్టున్నది. కొడుక్కు సరిపోయింది గని పాపం ఆ రాయమల్లుదాక రాలే. ఈసారి పెద్ద సీసా ఇచ్చిన, అందరికి సరిపోను" అంది.

అందరికీ సరిపోను.

తన మాట తనకు వినపడలేదని రాశాను కదా. వినపడిందన్నా. రాత్రంతా ఆలోచించే ఉంటుంది. ఆలోచించి తన లెక్కలో తప్పు పట్టుకుంది: నూనె చాలలేదు. రాయమల్లు కోసం ఏడ్చి, వాడిలాంటి కొడుకులందరికీ కలిపి పెద్ద సీసా నింపింది. అయ్యగారి దగ్గరికి నడిచి పోయి మళ్లీ ప్రార్థన చేయించుకొచ్చింది. ఆమె ప్రేమలో నేను వేలెత్తి చూపగలిగింది ఏదీ లేదు. రమాకాంత్ వెళ్లి నాలుగు రోజులైంది. ఆ సీసా ఈపాటికి మీ గుడారంలో ఉంటుంది. నువ్వు దాన్ని పారబోస్తావనుకోవాలా? పారబోస్తే ఎందుకని అడుగుతారు. నువ్వు చెప్పవు. వాళ్లు చెయ్యి చాపుతారు.

ఆదివారం ఫోనులో నీతో మాట్లాడదామని చూశాను. నా గొంతు వినగానే నువ్వు లైను కట్ చేశావు. అమ్మ సిగ్నల్ పోయిందనుకుంది. ములుగు ఆఫీసుకు చేశాను, చెప్పేదేదైనా వచ్చి రాసివ్వమన్నారు. నిన్న దవాఖానకు పోయి రాయమల్లుకు అంతా చెప్పాను. చిలుకమ్మ వింటూనే ఉంది. అతను కాలు లేని చోట దుప్పటి సర్దుకున్నాడు. తర్వాత, "బెన్నీకి ఎరుకేనా?" అన్నాడు. ఎరుకే అన్నాను. "మరి పిలగాండ్లకు?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. అతను గోడవైపు తిరిగిపోయాడు. నన్ను పొమ్మని చిలుకమ్మ చేత్తో సైగ చేసింది. ఆ సంచి ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది.

నాయినకు పొద్దున చెప్పాను. "నా కొడుకు నౌకరి తీసినంక ఈ ఇంట్ల నీకు జాగ లేదు" అన్నాడు. ఆయనకు ఈసారి నేను సరిగ్గానే అర్థమయ్యాను. అమ్మకు కూడా చెప్పాను, ముఖంలోకి చూసి. ఆమె ఏడవలేదు. మిషన్ మీద గుడ్డ కప్పి, లోపలికి పోయి తలుపేసుకుంది. మధ్యాహ్నం నుంచి మిషన్ చప్పుడు లేదు. నాతో చదివిన సుకన్య వాళ్లింట్లో ఉండమంది, నా బట్టలు సర్దుకున్నాను.

నేను రాసింది ఇదే: రైఫిల్ డిజైనులో లోపం లేదు. ఓంప్రకాశ్ గారు చూసిన వేళకు అది సరిగ్గానే పనిచేసింది. కదిలే భాగాల్లో పోసిన కొబ్బరినూనె చలికి గడ్డకట్టడం వల్ల బోల్టు మూసుకోలేదు. ఆ నూనె మా అమ్మ దీనమ్మ పంపింది, మా అన్న బెన్నీ పోశాడు, మిగిలిన వాళ్లకూ ఇచ్చాడు. ఏ రైఫిలూ తెల్లారుజామున పరీక్షించకుండా లోపలికి పంపొద్దు. కింద నా సంతకం పెట్టాను.

రేపు పొద్దున మొదటి బస్సుకు ములుగు పోతున్నాను. కిషన్ రావు గారి చేతికిచ్చి, వాళ్లు నా ముందు క్యాంపుకు వైర్‌లెస్‌లో చెప్పే దాకా అక్కడే కూర్చుంటాను.

స్వప్న